మా ప్రాజెక్టులో బోటు తిరగడానికి ఇరవై రెండు నెలలు

నేను మా ఊళ్లో మీసేవ సెంటర్ నడుపుతాను. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, పహాణీ, కరెంటు బిల్లు: ఎవరికి ఏ కాగితం కావాలన్నా అది ఏ ఆఫీసుకు పోతుందో, ఎన్ని రోజుల్లో వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిదాన్ని, మా ప్రాజెక్టులో బోట్లు తిప్పడానికి దరఖాస్తు పెడదామని 2023 మే నెలలో కూర్చుంటే నా కంప్యూటర్‌లో దానికి ఫారమే దొరకలేదు. చివరికి తెల్ల కాగితం తీసి ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టాను. ఎవరికి అన్నచోట ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ నింపడానికే మూడు నెలలు పట్టింది.

మాది పాత కరీంనగర్ జిల్లా. ఊరి పక్కనే ఒక మధ్య తరహా సాగునీటి ప్రాజెక్టు. పేరు రాయను. రాస్తే ఇందులోని సార్లందరినీ మా దిక్కువాళ్లు ఇట్టే పట్టేస్తారు, వాళ్లలో మంచివాళ్లు కూడా ఉన్నారు. మా బాపు, అంటే నాన్న, ముప్పై ఏళ్లుగా ఆ నీళ్ల మీద వల వేస్తున్నాడు. మత్స్య సహకార సొసైటీలో డైరెక్టరు కూడా. రవ్వ, బొచ్చె, బంగారు తీగ, అదృష్టం ఉన్నరోజు కొర్రమీను. మా అవ్వ, అంటే అమ్మ, అంగట్లో అమ్మేది. నా డిగ్రీ ఆ చేపల మీదే అయింది.

కరోనా తర్వాత కట్ట మీదికి జనం రావడం మొదలైంది. మొదట్లో ఆదివారం పది బండ్లు, తర్వాత యాభై, తర్వాత లెక్కలేదు. ముందు కట్ట మీద ఫోటోలు దిగేవాళ్లు. తర్వాత వాళ్ల కళ్లు మా వాళ్ల తెప్పల మీద పడ్డాయి. తెప్ప అంటే ఏదో అనుకునేరు. థర్మకోల్ షీట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎరువుల సంచుల్లో దూర్చి, తాడుతో బిగించి కట్టిందే. ఒక్క మనిషి, అదీ అలవాటున్నవాడు, కాళ్లు ముడుచుకుని కూర్చుని, చేతిలో చిన్న తెడ్డుతో నడుపుకుంటాడు. దాని మీద కూర్చుని ఫోటో దిగితే యాభై రూపాయలు ఇస్తామనేవాళ్లు పట్నం పిల్లలు. మా వాళ్లు కాదనలేదు. ఎందుకంటారు? ఆ రోజుల్లో కిలో చేప మీద మిగిలేదే అంత.

2023 ఏప్రిల్‌లో ఒక పిల్లవాడు తెప్ప మీద లేచి నిలబడ్డాడు, సెల్ఫీ కోసం. అది పల్టీ కొట్టింది. పక్కనే వల తీస్తున్న మా చిన్నబాపు కాలర్ పట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు. బతికి బట్టకట్టినవాడు ముందు ఏడ్చింది ఫోన్ పోయిందని. ఆ రాత్రి అన్నం తింటూ బాపు అన్న మాటతోనే ఇదంతా మొదలైంది: ‘మనం వద్దంటే ఆగరు బిడ్డా. ఎక్కేటోడు ఎట్లైనా ఎక్కుతడు. గా ఎక్కేదేదో జాకెట్ ఏసుకొని మంచి పడవ ఎక్కాలె. నువ్వు కాగితాలు రాస్తవు గదా, గిది రాయి.’

సరే, రాశాను. ఎవరికి ఇవ్వాలి?

ముందు నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, ‘అమ్మా, నీళ్లు ఆపడం, వదలడం మా పని. వాటి మీద ఏం తేలుతుందో మాకు సంబంధం లేదు. కానీ మాకు తెలియకుండా ఏదీ తేలకూడదు’ అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ మొత్తం కథ ఆ మాటలోనే ఉంది. నీళ్లు ఆయకట్టు రైతులవి. నీటి కింద నేల, కట్ట, తూము, గేట్లు ప్రాజెక్టువి. చేపలు పట్టే హక్కు సొసైటీది. అవతలి గట్టు అడవి. ఇవతలి మూలన మిషన్ భగీరథ ఇన్‌టేక్ బావి ఉంది, కాబట్టి తాగునీటి ఇంజనీర్లూ వస్తారు. పడవ అంటే పర్యాటకం. జనం గుమిగూడితే పోలీసులు. వద్దనే హక్కు వీళ్లందరికీ ఉంది. సరే అనాల్సింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఎక్కడికి వెళ్లినా ‘ముందు వాళ్ల దగ్గర రాయించుకురా’ అనేవాళ్లు. చివరికి అన్నింటి పేర్లూ రాసి, అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టర్ గారికి ఇచ్చాను. అక్కడినుంచి అది నంబరున్న ఫైలు అయింది. కాగితానికి నంబరు పడితే సగం పని అయినట్టేనని మా సెంటర్‌కు వచ్చేవాళ్లకు నేనే చెబుతుంటాను. అది తప్పని తర్వాత తెలిసింది.

ఇంకొక సంగతి. ఏ ఆఫీసుకు వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే వినిపించే పేరు కచ్చులూరు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో పాపికొండలకు వెళ్తున్న బోటు అక్కడ మునిగింది. మాకది ఎక్కడో ఆంధ్రలో జరిగిన వార్త కాదు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. ఆ బోటును నది అడుగు నుంచి బయటికి లాగడానికి కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందానికి నెల దాటింది. ఆ నెలంతా మా ఇళ్లలో టీవీ ఆపలేదు. అందుకే, సార్లు కచ్చులూరు అన్నప్పుడు నాకు కోపం రాలేదు. కానీ దాన్ని ‘వద్దు’ అనడానికి మాత్రమే వాడుతున్నారనిపించింది. కచ్చులూరు పేరు చెప్పి, జాకెట్లు ఎన్ని కొంటున్నావు అని అడిగినవారు మొత్తం తిరుగుళ్లలో ఇద్దరే.

ఇక చట్టం. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజను ఉన్న బోటుకు సర్వే, రిజిస్ట్రేషన్, నడిపేవాడికి అర్హత పత్రం, ఇన్సూరెన్సు అన్నీ ఉండాలి. ఇంజను లేని పడవల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కూడా అందులో ఉంది. ఇది చదివి నేను సంబరంగా పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్తే, పాపం ఆయన బీరువా తెరిచి చూపించాడు. ‘జనన మరణాల రిజిస్టరు ఉంది, ఇంటి పన్ను రిజిస్టరు ఉంది, చెట్ల రిజిస్టరు ఉంది మేడమ్. పడవల రిజిస్టరు నేనెక్కడ తేను?’

ఆఫీసులకంటే గట్టి అడ్డంకి మా ఇంట్లోనే ఉంది. సొసైటీ మీటింగులో లేచి నిలబడి వ్యతిరేకించింది మా పెద్దబాపు, బాపుకు సొంత అన్న. పోచమ్మ గుడి ముందు వేపచెట్టు కింద డెబ్బై మంది దాకా కూర్చున్నారు. ఆడవాళ్లలో మా చిన్నమ్మతో కలిపి నలుగురం. పెద్దబాపు గొంతు పెంచలేదు. ‘తంగూస్ వల కొత్తది ఎంతయితదో మీకు తెల్వదా? బోటు ఫ్యాను తగిలి చినిగితే ఎవడిస్తడు? ఫోటోలు దిగేటోడిస్తడా? ఇయ్యాల బోటు అంటరు. రేపు హోటల్ అంటరు. ఎల్లుండి మనల్నే టికెట్ కొనమంటరు. మన నీళ్లల్ల మనం కూలోళ్లమైతం.’

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ కాదనలేదు. నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది తప్పు కాదు మరి. టూరిజం పేరు చెప్పి బయటివాళ్లు కాంట్రాక్టు తీసుకుంటే అదే జరుగుతుంది. బాపు మాత్రం, ‘అన్నా, అందుకే బయటోడు రాకముందే మనం పెడదమంటున్న’ అన్నాడు. ఆ రోజు అంతటితో లేచారు.

నాలుగు మీటింగులు అయ్యాయి. చివరికి వంద రూపాయల స్టాంపు కాగితం మీద షరతులు రాయించుకున్నారు. నా చేతితోనే రాశాను. పొద్దున తొమ్మిదికి ముందు ఒక్క బోటూ కదలకూడదు, వలలు తీసే వేళ అది. నీళ్ల మీద డబ్బాలు కట్టిన గీత దాటి తూర్పు వైపు బోటు రాకూడదు. వల తెగితే ఎవరి తప్పని అడగకుండా అదే రోజు సాయంత్రం డబ్బు. పెద్ద వలలు లాగే రోజుల్లో బోట్లు పూర్తిగా బంద్. నడిపే పిల్లలు సొసైటీ ఇళ్లవాళ్లే అయి ఉండాలి. టికెట్టుకు పది రూపాయలు సొసైటీ ఖాతాలో. పెద్దబాపు సంతకం పెట్టలేదు, కానీ లేచి కూడా పోలేదు. తర్వాత ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన షరతులు రెండు పేజీలున్నాయి. రోజూ మాకు పనికొచ్చేవి మాత్రం ఈ ఆరే.

అంతలో 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. ఫైలు ఆగింది. డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, సార్లు మారారు. జనవరి ఆఖరుకు సర్పంచుల పదవీకాలం ముగిసి పంచాయతీలకు ప్రత్యేకాధికారులు వచ్చారు. పాత పాలకవర్గం చేసిన తీర్మానం చెల్లుతుందా చెల్లదా అని ఒక ఆఫీసులో నెల రోజులు చర్చ. చెల్లుతుందని తేలేసరికి 2024 మార్చి 16న పార్లమెంటు ఎన్నికల కోడ్. మళ్లీ ఆగింది. ఒక దగ్గర మా ఫైలు కనబడలేదన్నారు కూడా. పదకొండు రోజుల తర్వాత దొరికింది. ఎక్కడో అడగలేదు నేను.

కానీ ఆ రెండో కోడ్ మాకు ఒక మేలు చేసింది. మే, జూన్ నెలల్లో మా ప్రాజెక్టు అడుగంటుతుంది. ముంపు ఊరి ఆనవాళ్లు బయటపడతాయి. పాత ఇళ్ల మొండి గోడలు, చేదబావి ఒర, ఎప్పుడో నరికిన చింతచెట్ల మొద్దులు. నిండా నీళ్లున్నప్పుడు ఇవేవీ కనబడవు. తెప్పకు వీటితో ఇబ్బంది లేదు కానీ బోటు అడుగుకు ఒక్క మొద్దు తగిలితే చాలు. లోతు ఎక్కడెంతో తెలియకుండా అనుమతి ఎలా ఇస్తారని ఏఈ సార్ మొదటినుంచీ అడుగుతూనే ఉన్నారు. సర్వే చేయించాలంటే మా దగ్గర అంత డబ్బు లేదు.

బాపు ఒక తాడు తీశాడు. కొనకు కిలోన్నర రాయి కట్టాడు. ప్రతి బారకు ఒక ముడి. బార అంటే రెండు చేతులు చాపితే ఈ కొన నుంచి ఆ కొన దాకా. ‘ఎవరి బార?’ అని నేను అడిగాను, సార్లకు అడుగులు, అంగుళాలు కావాలి కదా. టేపు పెట్టి బాపు బారను కొలిచాను: అయిదడుగుల ఏడంగుళాలు. నోట్‌బుక్ మొదటి పేజీలో అదే రాశాను. పద్దెనిమిది రోజులు, పొద్దున ఆరింటి నుంచి తొమ్మిది దాకా, చిన్నబాపు నాటు పడవలో ముగ్గురం. నీళ్లున్నచోట తాడు వదలడం, లేనిచోట దిగి నడవడం. బాపు తాడు వదిలి, రాయి నేలకు తగలగానే వేళ్లతో పట్టి, ‘రెండు బారలు, ఒక జానెడు. అడుగున ఇసుక’ అనేవాడు. ఇసుకని ఎలా తెలుసని అడిగితే తాడు చేతిలో పెట్టాడు. రాయిని రెండుసార్లు ఎత్తి దించమన్నాడు. బురదలోనైతే రాయి పైకి రావడానికి ఒక్క క్షణం మొరాయిస్తుంది. ఇసుక మీద వెంటనే లేస్తుంది. బండ మీదైతే ఆ చప్పుడు తాడు గుండా అరచేతికి తెలుస్తుంది. ముప్పై ఏళ్లుగా నేను తిన్న అన్నం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఆ పొద్దు అర్థమైంది.

ప్రతి రోజూ మొదలుపెట్టే ముందు ప్రాజెక్టు గేట్లు చూసే లష్కర్ అన్నకు ఫోన్ చేసి గేజీ మీద నీటిమట్టం ఎంతుందో రాసుకున్నాం. అది తప్పనిసరి. ఆ రోజు మట్టం తెలిస్తేనే ఆ లోతులకు అర్థం. రేపు నీళ్లు ఆరడుగులు పెరిగితే ప్రతి అంకెకూ ఆరు కలుపుకుంటే సరిపోతుంది. మొద్దులున్నచోట ఫోన్‌లో లొకేషన్ కూడా గుర్తుపెట్టాను. బాపు వాటిని పేర్లతో చెప్పేవాడు. ‘ఇది పటేల్ వాళ్ల చింతచెట్టు. ఇది బడి గోడ. ఈడ మా అమ్మమ్మ ఇల్లుండె.’ నేను పటంలో ‘బడి గోడ’ అనే రాశాను. ఇప్పటికీ బోటు నడిపే పిల్లలు ‘బడి గోడ దగ్గర ఎడమకు తిప్పు’ అంటారు. ఆ బడి వాళ్లెవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఆ పటం తీసుకెళ్తే ఏఈ సార్ తమ దగ్గరున్న పాత కాంటూరు పటం పరిచి పక్కపక్కన పెట్టారు. చాలావరకు కలిసింది. వాగు వచ్చి కలిసే మూల దగ్గర మాత్రం మా అంకె చాలా తక్కువ. ఆయన మాదే తప్పనుకున్నారు. తర్వాత వారం తనే వచ్చి పడవెక్కి తాడు వదిలి చూశారు. పూడిక. డ్యాం కట్టినప్పటి పటంలో పూడిక ఎలా ఉంటుంది? ఆ రోజు నుంచి మా ఫైలును ఆయన తన ఫైలు అనుకున్నారు. అప్పటినుంచే అది కదిలింది కూడా.

ఏ బోట్లు కొనాలన్నది ఇన్‌టేక్ బావి తేల్చింది. టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిల్ పెట్రోల్‌లో కలిపే పోస్తారు. కాలని ఆయిల్ కొంత నీళ్లలోకే వస్తుంది, పైన రంగులు రంగులుగా తేలుతుంది. తాగే నీళ్లలో అది ఒప్పుకోం అన్నారు తాగునీటి ఇంజనీర్లు. వాళ్లది న్యాయం. నాకే అడగాలని తట్టలేదు, సిగ్గేసింది. చివరికి నలుగురు కూర్చునే పెడల్ బోట్లు రెండు, పది మంది కూర్చునే బ్యాటరీ మోటారు బోటు ఒకటి అని తేలింది. ఇవి కాక ఫోర్ స్ట్రోక్ ఇంజను ఉన్న చిన్న రెస్క్యూ బోటు, ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని స్టార్ట్ చేయకూడదు. డబ్బు సొసైటీ పొదుపు కొంత, బ్యాంకు అప్పు కొంత. ఆ కష్టాలు అందరికీ తెలిసినవే, వదిలేస్తాను. మధ్యలో ఒకసారి అందరం లక్నవరం వెళ్లి అక్కడ జెట్టీ ఎలా కట్టారో, టికెట్టు ఎలా ఇస్తారో చూసొచ్చాం. మా పిల్లలు వేలాడే వంతెన మీద రీల్స్ చేశారు, బాపు మాత్రం జెట్టీ తాళ్లు చూస్తూ నిలబడ్డాడు.

బోటు నడపడానికి చిన్నబాపు కొడుకునూ, ఇంకొక పిల్లవాణ్నీ గోవా పంపాం. అక్కడ కేంద్ర ప్రభుత్వ జలక్రీడల సంస్థ ఉంది, బోటు నడపడం, ప్రాణరక్షణ నేర్పుతారు. ‘నీళ్లల్ల పుట్టినోళ్లకు ఈత నేర్పుతరా?’ అని ఊరంతా నవ్వింది. తిరిగొచ్చాక మా తమ్ముడు చెప్పిన మొదటి మాట: మునిగేవాడి దగ్గరికి ముందుగా దూకకూడదట, ముందు తెడ్డు చాపాలి, కాదంటే తాడు విసరాలి, అదీ కాదంటే రింగు. చిన్నబాపు తెప్ప మీద నుంచి దూకి ఆ పిల్లవాడి కాలర్ పట్టడం అదృష్టమే తప్ప పద్ధతి కాదని వాడు తండ్రికే చెప్పాడు. చిన్నబాపు రెండు రోజులు మాట్లాడలేదు.

2025 జనవరి నాటికి అన్ని కాగితాలూ ఒకచోటికి చేరాయి. ఇంకో వారంలో సంతకం అనుకున్నాం. 11వ తేదీన కొండపోచమ్మ సాగర్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన అయిదుగురు కుర్రాళ్లు మునిగిపోయారు. అది మా పక్క జిల్లానే. ఆ రోజు నుంచి ఎవరికి ఫోన్ చేసినా ‘ఇప్పుడు వద్దమ్మా’ అన్నారు. నేను ఆ వార్తను రెండు రకాలుగా చదివాను. ఒకటి, ఆ తల్లుల గురించి. రెండోది రాయడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది, మా ఫైలు గురించి. ఆ నెల 21 నుంచి గ్రామసభలు జరిగాయి. మా సభలో లేచి, ‘జనం నీళ్లలోకి దిగకుండా ఆపేవాళ్లు మన కట్ట మీద ఇప్పుడు ఎవరున్నారు? బోట్లుంటే ఇద్దరు పిల్లలు, ఒక రెస్క్యూ బోటు, జాకెట్లు పొద్దంతా ఇక్కడే ఉంటాయి’ అన్నాను. ప్రత్యేకాధికారి అది రాసుకున్నారు. 29న ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ వచ్చింది. మా కరీంనగర్ గ్రాడ్యుయేట్ సీటుకే. డిగ్రీ చదివినందుకు నాకూ ఓటుంది. మా ఫైలు ఆపిన ఎన్నికలో క్యూలో నిలబడి మరీ ఓటేసొచ్చాను.

కోడ్ ఉన్నా తనిఖీ చేయొచ్చని తేల్చిన పుణ్యాత్ములెవరో గానీ, మార్చి మొదటి వారంలో తనిఖీకి వచ్చారు. వచ్చిన సార్ పెద్దగా మాట్లాడరు. పది మంది బోటు కదా, మనిషికి డెబ్బై అయిదు కిలోల లెక్కన యాభై కిలోల ఇసుక బస్తాలు పదిహేను వేయమన్నారు. వేశాం. నీటి గీత ఎక్కడికి వచ్చిందో సుద్దతో గీశారు. తర్వాత ఆ బస్తాలన్నీ ఒకే పక్కకు జరపమన్నారు. మా తమ్ముడు బిత్తరపోయాడు. బోటు ఒరిగింది, అంచుకూ నీటికీ మధ్య బెత్తెడు మిగిలింది. ‘తేక్కడి తెలుసా?’ అని అడిగారు. 2009లో కేరళలో అదీ రిజర్వాయరే, జంతువులు కనబడగానే జనమంతా ఒక పక్కకు వెళ్లారు, పడవ పల్టీ కొట్టింది, నలభై అయిదు మంది పోయారు. ‘మీ దగ్గర ఏనుగులు లేవు. కానీ సూర్యాస్తమయం ఉంది, ఫోన్లున్నాయి’ అన్నారు. పదిమంది బోటును ఎనిమిదికి తగ్గించారు. అప్పుడు కడుపు మండింది కానీ ఇప్పుడు ఆ ఎనిమిది కోసం నేనే కొట్లాడుతున్నాను.

జాకెట్ల దగ్గర మా పరువు పోయింది. నలభై కొన్నాం, చూడటానికి నారింజ రంగులో మెరిసిపోతున్నాయి. సార్ అంగడి నుంచి పది కిలోల తూకం రాయి తెప్పించి, జాకెట్‌కు కట్టి జెట్టీ పక్కన నీళ్లలో వదిలారు. మొదటిది తేలింది. రెండోది బుడగలు వదులుతూ మెల్లగా, మా అందరి ముందూ, మునిగిపోయింది. మూడోది కూడా. లోపల ఉన్నది ఫోము కాదు, ప్యాకింగ్‌కు వాడే స్పాంజి. అమ్మినవాడు బిల్లు మీద ఏవేవో ముద్రలు వేసి ఇచ్చాడు. ఒక్కోదాన్నీ అలా పరీక్షిస్తే నలభైలో పదిహేడు మునిగాయి. బాపు ఆ పదిహేడునూ కుప్పగా పోసి కత్తితో కోశాడు. ఎవరైనా తీసుకెళ్లి పిల్లలకు తొడుగుతారేమోనని. తిరిగి ఇస్తే సగం డబ్బైనా వచ్చేది కదా బాపూ అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

మార్చి 30, ఉగాది, ఆదివారం కూడా. ఆ రోజు తెరిచాం. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు ఉండాలన్న దగ్గర పది రోజులు పోయాయి, అది వదిలేద్దాం. కట్ట మీద అవ్వ ఉగాది పచ్చడి పంచింది. మొదటి ట్రిప్పులో అంగన్‌వాడీ టీచర్లు ఎక్కారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు రిజిస్టర్లో రాశాకే టికెట్. జాకెట్ బకిల్ నేను చేత్తో లాగి చూశాకే బోటు. పెద్దబాపు రాలేదు. కట్ట చివర తుమ్మచెట్టు కింద కూర్చుని వల అల్లుకుంటూ చూస్తున్నాడని చిన్నమ్మ చెప్పింది.

తెరిచాక గొడవలన్నీ ఒక్క మాట చుట్టూనే. ‘చిన్నపిల్లలే కదా మేడమ్, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం.’ ఎనిమిది అంటే ఎనిమిది. ఒళ్లో ఉన్నా తలకాయ తలకాయే. ఒకాయన తెల్ల చొక్కా, వెనక ఆరుగురు, జాకెట్ వేసుకుంటే ఫోటో బాగోదన్నాడు. మా తమ్ముడు మోటారు ఆపేసి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఎవరెవరికో ఫోన్లు వెళ్లాయి, నాకు ఒకటి వచ్చింది. ‘సార్, ఆయన పేరు రిజిస్టర్లో ఉంది, ఏమైనా అయితే మీకు ఫోన్ చేశారని కూడా రాస్తాను’ అన్నాను. పెట్టేశారు. ఆయన జాకెట్ వేసుకున్నాడు, ఫోటో కూడా బాగానే వచ్చింది.

నేను అస్సలు ఊహించనిది జెట్టీ. యాసంగి పంటకు కాలువకు నీళ్లు వదులుతూనే ఉంటారు, అది వాళ్ల హక్కు. ఉగాదినాడు నీళ్ల మీద తేలిన జెట్టీ ఏప్రిల్ రెండో వారానికి బురదలో కూర్చుంది. ముందుకు జరిపాం. పది రోజులకు మళ్లీ బురద. రెండోసారి జరిపేటప్పుడు మోకాలి లోతు దిగిపోయి అరగంట ఇరుక్కుపోయాను, చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. మొద్దుల మీద నాలుగడుగుల నీళ్లు లేకపోతే బోటు తిప్పకూడదని మేమే రాసుకున్నాం కాబట్టి ఏప్రిల్ ఆఖరుకు మేమే బంద్ పెట్టాం. సెలవుల్లో, సరిగ్గా జనం వచ్చే రోజుల్లో. నెల రోజుల బోటు, నెలల కొద్దీ ఖాళీ, బ్యాంకు కిస్తీ మాత్రం ప్రతి నెలా. రిజర్వాయర్‌లో బోటు పెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బోటు ధరకన్నా ముందు గత అయిదేళ్ల గేజీ లెక్కలు అడగండి. అవి నా పక్కనే, లష్కర్ అన్న రిజిస్టర్లోనే ఉన్నాయి. లోతు కోసం రోజూ ఆయనకు ఫోన్ చేసినదాన్ని, నీళ్లు ఎన్ని నెలలుంటాయో మాత్రం అడగలేదు.

వానలు పడ్డాయి, ఆగస్టులో గేట్లెత్తారు. ఎర్ర రంగు వేసి తాళ్లతో కట్టిన ఇరవై లీటర్ల డబ్బాలు, అంటే మా గీత, సగం కొట్టుకుపోయాయి. ఒక పెడల్ బోటు తాడు తెంచుకుని తుమ్మచెట్ల మధ్య ఇరుక్కుంది. దాన్ని చూసి ఫోన్ చేసింది పెద్దబాపే. ‘మీ బొమ్మ పడవ ఈడ చెట్టెక్కింది, వచ్చి తీస్కపోండ్రి’ అన్నాడు. వెళ్లేసరికి దాన్ని రెండు తాళ్లతో గట్టిగా కట్టి ఉంచాడు.

దసరా తర్వాత మళ్లీ మొదలుపెట్టాం. అనుమతి ఒక ఏడాదికే కాబట్టి రెన్యూవల్‌కు పెట్టాలి. ఈసారి ఎవరికి అన్నచోట ఖాళీ లేదు, నా కంప్యూటర్‌లో ఫోల్డర్ ఉంది. దరఖాస్తుతో పాటు లోతుల పటం జతచేయాలి. వరద తర్వాత వాగు మూల దగ్గర పూడిక ఎంత పెరిగిందో, ఏ మొద్దు ఎటు జరిగిందో పాత పటం చెప్పదు. నిన్న సాయంత్రం బాపు అటక మీంచి తాడు దించాడు. ముడులు వదులయ్యాయట, కూర్చుని మళ్లీ బిగిస్తున్నాడు. ఈసారి పడవలో నాలుగో మనిషి కూడా వస్తానన్నాడు. నీ బార, నా బార ఒకటి కాదు, ముందు నాది కూడా కొలువు అని పెద్దబాపు బాపుతో గొడవ పెట్టుకుంటున్నాడు.